దారి చెప్పే గొంతు

చూపు లేనివాళ్లకు ఇప్పుడు ఫోనే దారి చెబుతోంది కదా, మరి ఇంకా ఆ తెల్ల కర్ర ఎందుకు? ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. ఊళ్లో మనం ఎక్కడున్నామో ఫోను చెప్పగలదు, మన తర్వాతి అడుగు ఎక్కడ పడబోతోందో దానికి తెలియదు. జవాబు ఇంతే. కానీ ఫోనుకు మన చోటు ఎలా తెలుస్తుంది, మన అడుగు ఎందుకు తెలియదు అని అడిగితే కథ చాలా దూరం వెళ్తుంది. ఆకాశంలో 20 వేల కిలోమీటర్ల ఎత్తున మొదలై, మురుగు కాలువ మీద లేని పలక దగ్గర ఆగుతుంది.

ఆ కథ చెప్పడానికి సూరత్ జిల్లాలోని పల్సానాను ఎంచుకుంటున్నాను. అహ్మదాబాద్ నుంచి ముంబైకి పోయే 48వ నంబరు జాతీయ రహదారి, హజీరా రేవు నుంచి తూర్పుకు పోయే 53వ నంబరు రహదారి ఇక్కడ కలుస్తాయి. చుట్టూ అద్దకం మిల్లులు, నేత షెడ్లు. పగలూ రాత్రీ లారీలే. తెలంగాణ నేత కుటుంబాలు తరాలుగా సూరత్ ప్రాంతానికి వలస వస్తూనే ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు నడుపుతోందంటే మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. అలాంటి ఒక ఇంట్లో, సిరిసిల్ల నుంచి ఎప్పుడో వచ్చి మగ్గాల మీద బతుకంతా గడిపిన ఒక పెద్దాయనను ఊహించుకుందాం. నీటికాసులు, అంటే గ్లకోమా, ఆయన చూపును మెల్లగా తినేసింది. ఇంటి నుంచి నాలుగు వందల మీటర్ల దూరంలో మందుల షాపు ఉంది. ఎవరినీ వెంట పిలవకుండా ఒక్కడే వెళ్లి బీపీ మాత్రలు తెచ్చుకోవాలని ఆయన కోరిక. చిన్న కోరికే. దాన్ని తీర్చడానికి మనిషి చేసిన ప్రయత్నం మాత్రం చిన్నది కాదు.

మూడు మిల్లుల సైరన్లు

ఊరి చుట్టూ మూడు మిల్లులున్నాయనుకోండి. ఒకటి ఉత్తరాన, ఒకటి తూర్పున, మరొకటి నైరుతిన. మూడూ సరిగ్గా ఉదయం ఎనిమిదింటికి సైరన్ మోగిస్తాయి. ఒక్కోదాని కూత ఒక్కోలా ఉంటుంది కాబట్టి వినగానే ఏ మిల్లుదో తెలిసిపోతుంది. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. మన పెద్దాయన చేతికి చాలా కచ్చితమైన గడియారం ఉంది. ఎనిమిది దాటిన రెండు సెకన్లకు ఉత్తరపు మిల్లు సైరన్ వినిపించింది. అంటే ఆ మిల్లు 680 మీటర్ల దూరంలో ఉంది. దానికి తాను ఏ దిక్కున ఉన్నాడో ఇంకా తెలియదు. ఆ మిల్లు చుట్టూ 680 మీటర్ల దూరాన ఒక వలయం గీస్తే, ఆ గీత మీద ఎక్కడో ఒకచోట ఆయన ఉన్నాడు. తూర్పు మిల్లు సైరన్‌తో రెండో వలయం వస్తుంది. రెండు వలయాలు రెండు చోట్ల ఖండించుకుంటాయి. మూడోది ఆ రెండింటిలో ఒకదాన్ని తేల్చేస్తుంది. కళ్లు తెరవకుండా, ఒక్క అడుగు వేయకుండా, చెవితో, గడియారంతో ఆయన తన చోటు కనిపెట్టాడు.

జీపీఎస్ చేసేది అచ్చం ఇదే. మిల్లుల బదులు ఉపగ్రహాలు, సైరన్ బదులు రేడియో సంకేతం. అమెరికా నడిపే జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండుసార్లు భూమిని చుట్టివస్తుంటాయి. ప్రతి ఉపగ్రహం తానెవరో, ఎక్కడుందో, తన గడియారంలో టైమెంతో ఎడతెగకుండా చెబుతూ ఉంటుంది. ఆ మాట కిందికి చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఇక్కడ చాలామందిలో ఉన్న ఒక అపోహ గురించి చెప్పాలి. ఉపగ్రహం మనల్ని చూడదు. మన ఫోను దానికి ఏమీ పంపదు. పెద్దాయన ఎనిమిదింటికి సైరన్ విన్నాడన్న సంగతి మిల్లుకు ఎలా తెలియదో, ఉపగ్రహానికీ అలాగే తెలియదు. విని లెక్క కట్టుకోవడం మొత్తం ఫోను పనే.

చిక్కంతా గడియారాలతోనే. పెద్దాయన గడియారం ఒక సెకను ముందుంటే మూడు మిల్లులూ ఉన్నదానికంటే 340 మీటర్లు దూరంగా ఉన్నట్టు లెక్క వస్తుంది, మూడు వలయాలు ఒకచోట కలవవు. ఎంత సవరిస్తే అవి కలుస్తాయో వెతికి చూస్తే గడియారం తప్పు కూడా బయటపడుతుంది. ఫోను ఈ ఉపాయాన్నే వాడుతుంది. మన చోటు, ఎత్తు, ఫోను గడియారంలోని తప్పు, అన్నీ తేల్చాలి కాబట్టి దానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. ఫోను గడియారం చవకది, దాని తప్పును ఇలా సరిదిద్దుకోవచ్చు. ఉపగ్రహం గడియారం మాత్రం తప్పకూడదు. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, సెకనులో పది లక్షలో వంతు, అంటే ఒక మైక్రోసెకను, తేడా వచ్చినా దారి 300 మీటర్లు తప్పుతుంది. అందుకే వాటిలో రుబీడియం, సీజియం పరమాణువుల కంపనాలను లెక్కపెట్టే అణు గడియారాలు పెడతారు. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం అంత ఎత్తున గడియారం భూమి మీదికన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. దాన్ని ముందే సరిచేసి పంపుతారు. లేకపోతే రోజు గడిచేసరికి కిలోమీటర్ల కొద్దీ తప్పు పోగవుతుంది.

జీపీఎస్ లాగే మన దేశం సొంతంగా కట్టుకుంటున్న నావిక్ వ్యవస్థకు కూడా ఈ గడియారాలే పరీక్ష పెట్టాయి. తొలి ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏ 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్లింది. విదేశం నుంచి తెచ్చి అందులో పెట్టిన మూడు రుబీడియం గడియారాలూ తర్వాత చెడిపోయాయి. గడియారం ఆగిన ఉపగ్రహం ఎన్ని గంటలకు మోగిస్తుందో తెలియని సైరన్ లాంటిది, అది వినిపించినా దాంతో దూరం తేల్చలేం. 2023 మే 29న శ్రీహరికోట నుంచే ఎగిరిన ఎన్‌వీఎస్-01లో మాత్రం మన దేశంలో చేసిన రుబీడియం గడియారం ఉంది. దాన్ని తయారు చేసింది అహ్మదాబాద్‌లోని ఇస్రో అంతరిక్ష అనువర్తనాల కేంద్రం. పల్సానా మీదుగా పోయే రహదారే ఆ ఊరికీ వెళ్తుంది.

ఇంత చేసినా, ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోను తన చోటును అయిదు మీటర్ల అటూ ఇటూగానే చెప్పగలదు. ఎత్తయిన మిల్లు గోడల మధ్య సందులో అది కూడా కష్టమే. సైరన్ నేరుగా వినిపించకుండా ఎదురు గోడకు కొట్టుకుని వస్తే ఎక్కువ దూరం తిరిగి వచ్చినట్టే, ఉన్నదానికన్నా దూరంగా ఉన్నట్టు లెక్క పడుతుంది. రేడియో సంకేతమూ గోడల మీద, రేకుల మీద అలాగే కొట్టుకుని వస్తుంది. రెండు వేర్వేరు పౌనఃపున్యాల మీద వినే ఫోన్లు 2018 నుంచి వచ్చాయి. అవి ఈ ప్రతిధ్వనులను కొంత మేరకు గుర్తుపట్టి పక్కన పెడతాయి.

కారు నడిపేవాళ్లకు అయిదు మీటర్లు లెక్కలోకి రావు. కారు రోడ్డు మీదే ఉంటుందన్న నమ్మకంతో యంత్రం దాన్ని పటంలోని రోడ్డు గీత మీదికి లాగి కూర్చోబెడుతుంది. నడిచేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. ఆ అయిదు మీటర్లలోనే రోడ్డుకు ఈ పక్కా, ఆ పక్కా, నడుమ లారీలూ ఉంటాయి.

ఎక్కడున్నానో తెలిసింది, ఎటు తిరిగి ఉన్నాను?

2000 మే నెల మొదటి దాకా ఈ అయిదు మీటర్లు కూడా కలే. అమెరికా సైన్యం మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి పంపేది. దాంతో వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ అడ్డు తీసేయించాకే జీపీఎస్ నడిచేవాళ్లకు పనికొచ్చేదయింది.

కానీ అప్పటికి పదిహేనేళ్ల ముందే దీని మీద పని మొదలుపెట్టినవాళ్లున్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖలో రెజినాల్డ్ గాలెజ్ అనే భూగోళ శాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. మనుషులు తమ ఊరి పటాన్ని మనసులో ఎలా గీసుకుంటారన్నది ఆయన పరిశోధన. 1984లో ఆయనకే చూపు పోయింది. మరుసటి ఏడాది జాక్ లూమిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉపగ్రహాలతో అంధులకు దారి చూపవచ్చంటూ ఒక ప్రతిపాదన రాశాడు. వీళ్లతో రాబర్టా క్లాట్స్‌కీ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త కలిసింది. ముగ్గురూ కట్టిన తొలి యంత్రాన్ని వీపు సంచిలో మోయాల్సి వచ్చేది. వాళ్లు వేసిన ప్రశ్న నేటికీ ముఖ్యమైనదే. చోటు తెలిసినంత మాత్రాన చాలా, మనిషి ఎటు తిరిగి ఉన్నాడో తెలియొద్దా?

పెద్దాయన ఇంటి గుమ్మం బయట నిలబడ్డాడు. ఆయన ఏ దిక్కుకు తిరిగి ఉన్నాడో ఉపగ్రహాలు చెప్పలేవు. నాలుగు అడుగులు నడిస్తే పాత చోటుకూ కొత్త చోటుకూ మధ్య గీత గీసి, ఇటు పోతున్నాడని యంత్రం తెలుసుకుంటుంది. నిలబడిన మనిషి విషయంలో ఆ గీత పిచ్చిపిచ్చిగా తిరుగుతుంది. అందుకే ఫోనులో దిక్సూచి కూడా పెట్టారు, దాన్నే మాగ్నెటోమీటర్ అంటారు. అది భూమి అయస్కాంత బలాన్ని పసిగడుతుంది. ఆ బలం చాలా తక్కువ. పక్కన ఇనుప షట్టరో, ఆగి ఉన్న లారీయో, మగ్గం మోటారో ఉంటే అది దారి తప్పుతుంది. పల్సానాలో ఈ మూడూ అడుగడుగునా ఉన్నాయి. కాబట్టి యంత్రం "ఎడమకు తిరగండి" అన్నప్పుడు అలవాటున్నవాళ్లు వెంటనే తిరిగిపోరు. కొన్ని అడుగులు వేసి, మళ్లీ ఏం చెబుతుందో విని, అప్పుడు తిరుగుతారు.

దిక్కు చెప్పే పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది గడియారం పద్ధతి. ఎదురుగా ఉన్నది పన్నెండు గంటల దిక్కు, కుడి చేయి వైపు మూడు, ఎడమ చేయి వైపు తొమ్మిది. "మందుల షాపు పది గంటల దిక్కున, నలభై మీటర్లు" అంటే ఎడమకు కాస్త ఒరిగి ముందుకు పోవాలని వెంటనే తెలిసిపోతుంది. గాలెజ్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. రెండు చెవులకు అందే శబ్దంలో సూక్ష్మమైన తేడా పెట్టి, గమ్యం ఉన్న వైపు నుంచే గొంతు పిలుస్తున్నట్టు వినిపించేలా చేసింది. మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన సౌండ్‌స్కేప్ అనే యాప్ నడిచింది ఈ బాటలోనే. 2023లో ఆ సంస్థ దాన్ని ఆపేస్తూ, ఎవరైనా వాడుకుని పెంచుకునేలా దాని కోడ్‌ను బయట పెట్టింది.

మాట వినే యంత్రం, వినాల్సిన చెవి

తెర మీద వేలు పెట్టి ఊరి పేరు రాయడం చూపు లేనివాళ్లకు కష్టం. అందుకే నోటితో చెబితే వినే పరికరాలు వచ్చాయి. ఫ్రాన్స్‌కు చెందిన కాప్‌సిస్ అనే సంస్థ చేసిన కాప్టెన్ వాటిలో పేరున్నది. అరచేతిలో ఇమిడిపోతుంది, దానికి తెర ఉండదు. మీట నొక్కి వీధి పేరు చెబితే విని, దారి మాటల్లో చెబుతుంది. ఎక్కడికి అని చెప్పకుండా ఊరికే నడుస్తూ పోయినా, దాటుతున్న వీధుల పేర్లు పలుకుతూ వస్తుంది. చూపున్నవాళ్లు నడుస్తూ బోర్డులు చదువుకునే సుఖాన్ని అది చెవికి ఇచ్చింది. ఇప్పుడు ఆ పని చాలావరకు ఫోన్లకు మారింది. 2018 నుంచి గూగుల్ మ్యాప్స్ తెలుగులోనూ దారి పలుకుతోంది.

యంత్రం మన మాటను ఎలా పడుతుంది? వచ్చే శబ్దాన్ని సెకనులో నలభయ్యో వంతు ఉండే ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ స్వరాలు ఎంత బలంగా ఉన్నాయో కొలిచి, తాను ముందు విన్న లక్షల మాటలతో పోల్చుకుంటుంది. పాత పరికరాలకు కొన్ని ఆజ్ఞలే తెలుసు. వాటిలో ఏదో ఒకటే వస్తుందని ముందే తెలుసు కాబట్టి పని తేలికయ్యేది. ఏ మాటనైనా పట్టాలంటే మాత్రం కష్టమే. తెలుగులో ఒక మాటకు ఎన్ని తోకలు తగులుతాయో చూడండి. షాపుకు, షాపులో, షాపుదాకా, షాపుకాడికి. సిరిసిల్ల నుంచి వచ్చినాయన "మెడికల్ షాపుకాడికి పోవాలె" అంటాడు. పత్రికల తెలుగు మాత్రమే నేర్చిన యంత్రానికి ఆ మాట అందదు. పైగా ఇక్కడి పేర్లన్నీ గుజరాతీవి. కడోదరా, బార్డోలీ, గంగాధరా అన్నవి మన నోట ఒకలా, స్థానికుల నోట ఇంకోలా పలుకుతాయి. యాస తెలియని యంత్రం దారి చెప్పే పరికరంగా సగమే పనికొస్తుందని నా అభిప్రాయం.

తర్వాత రొద. మరమగ్గాల షెడ్డులో శబ్దం 90 డెసిబెళ్లు దాటుతుంది, బయట హారన్ల మోత. మైకుకు, నోటికి మధ్య దూరం సగానికి తగ్గిస్తే మాట 6 డెసిబెళ్లు బలంగా అందుతుంది, వెనక రొద మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి గట్టిగా అరవడంకన్నా మైకును నోటి దగ్గరికి తెచ్చుకోవడం మేలు. ఎక్కడికి వెళ్లాలో ఇంట్లో ఉండగానే చెప్పి బయల్దేరడం ఇంకా మేలు.

అసలు భయపెట్టేది మాత్రం యంత్రం వినకపోవడం కాదు, యంత్రం మాటల్లో పడి మనిషి వినలేకపోవడం. చూపు లేనివాళ్లు గోడ దగ్గర పడగానే ఎలా ఆగిపోతారన్నది చాలాకాలం అంతుపట్టలేదు. ముఖం చర్మానికి ఏదో స్పర్శ తెలుస్తుందని అంధుల్లోనే చాలామంది నమ్మేవారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాలెన్‌బాక్, ఆయన శిష్యులు 1944లో ప్రచురించిన ప్రయోగాలు సంగతి తేల్చాయి. వాటిలో పాల్గొన్నవాళ్లు ముఖం కప్పేసినా అడ్డంకిని గుర్తుపట్టారు, చెవులు మూసేస్తే నేరుగా వెళ్లి గుద్దుకున్నారు. తమ అడుగుల చప్పుడు గోడకు తగిలి తిరిగి రావడాన్ని, తెలియకుండానే వింటున్నారన్నమాట. కర్ర నేలకు తట్టే శబ్దమూ అలాగే పనిచేస్తుంది. ఇయర్‌ఫోన్లు రెండు చెవులనూ మూసేస్తే ఈ చూపు కూడా పోతుంది. అందుకే చెవి ముందరి ఎముక మీద ఆనించుకునే ఇయర్‌ఫోన్లు వచ్చాయి. కంపనం ఎముక గుండా లోపలి చెవికి చేరుతుంది, చెవి రంధ్రం తెరిచే ఉంటుంది. అవి లేకపోతే ఒక్క చెవికే పెట్టుకోవాలి, రోడ్డు వైపు చెవిని ఖాళీగా ఉంచాలి, రోడ్డు దాటేటప్పుడు యంత్రం గొంతు పూర్తిగా ఆపేయాలి.

పటంలో లేని కాలిబాట

పెద్దాయన నాలుగు వందల మీటర్లూ నడిచాడు. "మీ గమ్యం చేరుకున్నారు" అంది ఫోను. ఆయనకు చేయి చాచినా షాపు తగల్లేదు. అది మందుల షాపు కావచ్చు, పక్కనున్న టీ బండి కావచ్చు, రోడ్డుకు అవతలి పక్క కావచ్చు. ఇదే ఆ అయిదు మీటర్ల సంగతి. కర్రతో నేల వెతుకుతూ, దగ్గర్లో తెలుగు వినిపిస్తే అడిగాడు.

"తమ్మీ, మెడికల్ షాపు ఇదేనా?"

"ఇదే కాకా. ముందల మోరీ మీద బండ లేదు, రెండు మెట్లున్నయ్. పైలం."

ఆ కుర్రాడు చెప్పినదాంట్లో ఏ ఒక్క సంగతీ ఏ ఉపగ్రహానికీ తెలియదు. మురుగు కాలువ మీద పలక లేదని కర్రకు తెలుస్తుంది, దాని కొస అందులోకి దిగిన క్షణంలో. తల ఎత్తున వేలాడే కొమ్మనూ, లారీ వెనక పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీనీ కర్ర కూడా పట్టుకోలేదు. ఢిల్లీ ఐఐటీలో ఆచార్య ఎం. బాలకృష్ణన్ బృందం రూపొందించి 2014లో విడుదల చేసిన స్మార్ట్‌కేన్ ఆ లోటు కోసమే. కర్ర పిడికి తగిలించిన పరికరం మన చెవికి అందని శబ్దాలను వదులుతుంది, మూడు మీటర్ల లోపు ఉన్న అడ్డంకి నుంచి అవి తిరిగి రాగానే చేతిలో అదురుతుంది. చెవిని ముట్టుకోకుండా చేతితో చెప్పడంలోనే దాని తెలివంతా ఉంది.

యంత్రానికి పటం కావాలి. పటం గీసింది కార్ల కోసం. పల్సానాలోనే కాదు, మన ఊళ్లలో చాలాచోట్ల కాలిబాట పటంలో లేదు, ఎందుకంటే నేల మీదే లేదు. ఉన్నచోట దాని మీద బైకులుంటాయి. 2019 అక్టోబరులో గూగుల్ చూపు లేనివాళ్ల కోసం వివరంగా పలికే నడక దారిని తెచ్చింది. పెద్ద కూడలి వస్తోందని ముందే హెచ్చరిస్తుంది, దారి తప్పితే చెబుతుంది. అది మొదట వచ్చింది అమెరికాలో ఇంగ్లీషులో, జపాన్‌లో జపనీసులో. జపాన్‌లో రావడం వింతేమీ కాదు. సెయిచి మియాకే అనే ఆయన 1965లో పాదానికి తెలిసేలా బుడిపెలున్న పలకలను కనిపెట్టాడు. 1967లో ఒకయామాలో అంధుల బడి దగ్గర రోడ్డు మీద వాటిని మొదటిసారి పరిచారు. మన మెట్రో స్టేషన్లలో కనిపించే పసుపు పలకలు అవే. నేల సిద్ధంగా ఉన్న దేశంలో గొంతుకు చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

మన దగ్గర చిరునామా కూడా ఒక సమస్యే. ఫలానా మిల్లు వెనక, ట్రాన్స్‌ఫార్మర్ పక్క సందు అన్నది తెలిసినవాళ్లకే పనికొస్తుంది. తపాలా శాఖ హైదరాబాద్ ఐఐటీ, ఇస్రోకు చెందిన జాతీయ దూర సంవేదన కేంద్రంతో కలిసి 2025 మే నెలలో తెచ్చిన డిజిపిన్ దీనికి ఒక జవాబు. దేశమంతటినీ సుమారు నాలుగు మీటర్ల చదరపు గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి పది అక్షరాల గుర్తు ఇచ్చారు. సందుకు పేరు లేకపోయినా మందుల షాపు గుమ్మానికి ఒక గుర్తు దొరుకుతుంది. అయితే ఫోను అయిదు మీటర్లు అటూ ఇటూ చెబితే పక్క గడిలో నిలబెడుతుందన్నదీ నిజమే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రోడ్లూ భవనాలూ అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలు దాన్ని సలహా స్థాయికి దించేశాయి. చూపు లేని రాజీవ్ రతూరీ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న దాన్ని తప్పుపట్టి, తప్పక పాటించాల్సిన కనీస ప్రమాణాలు రాయమని కేంద్రానికి చెప్పింది. కోర్టు ముందు పెట్టుకున్న నివేదికను హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం తయారు చేసింది. అయిదు మీటర్ల తప్పును ఎంత తగ్గించినా, పలక వేయని కాలువ మీద ఏ గొంతూ మనిషిని దాటించలేదు. ఆ పని నేల మీదివాళ్లదే.

పటం సంగతికి వస్తే, మామూలు మనుషులు చేయగలిగిన పని ఒకటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటాన్ని ఎవరైనా సరిదిద్దవచ్చు. చూపు లేనివాళ్ల కోసం చేసిన యాప్‌లు చాలా దాని మీదే నడుస్తాయి, సౌండ్‌స్కేప్ కూడా దాని సమాచారాన్నే వాడుకుంది. కాలిబాట రోడ్డుకు ఏ పక్క ఉంది, ఎక్కడ తెగిపోయింది, రోడ్డు దాటే చోటు ఏది, అక్కడ బుడిపెల పలకలున్నాయా, మెట్లెన్ని, షాపు గుమ్మం ఎటు వైపు, ఇవన్నీ అందులో వేర్వేరుగా నమోదు చేసే వీలుంది. పల్సానా కూడలిలో నిలబడి ఒక పిల్లవాడు సాయంత్రం ఈ వివరాలు ఎక్కిస్తే, దాని మీద నడిచే యాప్ తన పటాన్ని కొత్తది చేసుకోగానే పెద్దాయన ఫోను వాటిని పలకగలదు.